కుండ తీసేయండి

ఈ మృగశిర కార్తె వస్తే మా చుక్క చనిపోయి మూడేళ్ళు. 35 గ్రాముల ఆకుపచ్చ బడ్జీ, దుకాణాల్లో లవ్ బర్డ్ అని అమ్మే చిన్న చిలక. గొంతు కింద దండ గుచ్చినట్టు నల్లటి చుక్కలు ఉండేవని మా పాప ఆ పేరు పెట్టింది. ఆ రోజు పొద్దున పంజరం మీద గుడ్డ తీసేసరికి చుక్క పుల్ల మీద లేదు. అడుగున పరిచిన న్యూస్ పేపర్ మీద ఒళ్ళంతా ఉబ్బించుకుని కూర్చుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతోంది. కాళ్ళు ఎడంగా పెట్టి, కళ్ళు సగం మూసి ముక్కుతోంది. రోహిణి కార్తె ఎండలు కదా, రోళ్ళు పగిలే రోజులు, వడదెబ్బ అనుకుని నీళ్ళు చిలకరించాను. అదే నేను చేసిన తప్పు. దానికప్పుడు కావలసింది చల్లదనం కాదు, వెచ్చదనం.

మా విజయవాడలో కుక్కలకీ గేదెలకీ డాక్టర్లు దొరికినంత సులువుగా పక్షులని చూసేవాళ్ళు దొరకరు. రెండుచోట్ల కాదనిపించుకుని మూడో చోటికి చేరేసరికి పదకొండు దాటింది. ఆ డాక్టరుగారు దాన్ని గుడ్డలో పట్టుకుని పొట్ట కింద వేలితో మెల్లగా తడిమి చూశారు.

"ఇప్పటికి ఎన్నిసార్లు గుడ్లు పెట్టిందమ్మా?"

"నాలుగుసార్లండీ."

"ఎన్నాళ్ళలో?"

"ఏడాది కాలేదండీ."

"పంజరంలో గుడ్లు పెట్టే కుండ ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుందా?"

ఉంటుందన్నాను. గుడ్డు అడ్డం పడిందని చెప్పారు. ఒంట్లో ఉన్న కాల్షియం అంతా ముందు పెట్టిన గుడ్ల పెంకులకే అయిపోయింది, ఇప్పుడు గుడ్డు బయటికి తొయ్యడానికి కండరాలకి బలం లేదు. ఇంజెక్షన్ చేశారు, బల్బు కింద వెచ్చగా పెట్టారు. మధ్యాహ్నం మూడింటికి చుక్క పోయింది.

ఆ రాత్రే కుండ విప్పేశాను. బడ్జీలు పెంచుతున్న ప్రతి ఒక్కరినీ అప్పటినుంచీ అదే అడుగుతున్నాను. మీ పంజరంలో కుండ ఉంటే తీసేయండి.

మన ఊళ్ళలో ఈ పక్షుల్ని కొన్న ఎవరికైనా ఆ పంజరం ఎలా ఉంటుందో తెలుసు. నలుచదరపు ఇనుప పంజరం, అడ్డంగా రెండు నున్నటి పుల్లలు, పక్కన తీగతో కట్టిన చిన్న మట్టికుండ, దానికి గుండ్రటి కన్నం. నేను కొన్న దుకాణంలో అతను, "లవ్ బర్డ్స్ కదా మేడమ్, జతగానే తీసుకోండి, ఒకటుంటే బతకదు. కుండ ఫ్రీగా ఇస్తాను, మూడు నెలల్లో పిల్లలు చూస్తారు," అన్నాడు. జత అయిదు వందలు. మా పాప కళ్ళు మెరిశాయి. నావి కూడా.

అసలు చిక్కంతా ఆ పేరులో ఉంది. ఇవి లవ్ బర్డ్స్ కావు. నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు, పొట్టి తోక, బలమైన ముక్కు. మనం లవ్ బర్డ్స్ అని తెచ్చుకునేవాటిలో ఎక్కువ భాగం బడ్జీలే, పూర్తి పేరు బడ్జరీగర్. ఇవి ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉండే ఎండు నేలల పక్షులు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకి తీసుకెళ్ళాడు. అడవిలో ఇవి ఆకుపచ్చ, పసుపు రంగుల్లోనే ఉంటాయి. నీలం 1880 ప్రాంతంలో బెల్జియంలో, పంజరాల్లో పుట్టిన పిల్లల్లో వచ్చింది. ఆ తర్వాతి తెలుపు, బూడిద, ఊదా అన్నీ మనుషుల చేతుల్లో పెంపకం వల్ల వచ్చినవే.

పేరు తప్పయితే ఏమైంది అనిపించవచ్చు. కానీ లవ్ బర్డ్స్ అనే మాట చెవిన పడ్డాక మనకి ప్రతిదీ దాంపత్యంలాగే కనిపిస్తుంది. మగపక్షి తల పైకీ కిందికీ ఆడించి, తిన్న గింజల్ని గొంతులోంచి తీసి ఆడపక్షి నోట్లో పెడుతుంది. మనం ముద్దు పెట్టుకుంటున్నాయని వీడియో తీసి స్టేటస్‌లో పెట్టుకుంటాం. నేనూ పెట్టాను. అది అడుగుతున్నది ఇంకో కాన్పుకి నువ్వు సిద్ధమేనా అని. కుండ ఎదురుగా ఉంటే ఆడపక్షి ఒంట్లో జవాబు ఎప్పుడూ సిద్ధమే అని వస్తుంది.

ఎందుకలా వస్తుందో తెలిశాకే నాకు బడ్జీ అర్థమైంది. ఆస్ట్రేలియా నడిమధ్య వానకి మన కార్తెల్లాంటి లెక్క లేదు. ఈ ఏడు కురుస్తుంది, ఆ పై రెండేళ్ళు ఉండకపోవచ్చు. అందుకని బడ్జీలు ఒకచోట కాపురం పెట్టవు. వేలకొద్దీ గుంపుగా వాన పడ్డ చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. వాన పడితే గడ్డి మొలుస్తుంది, గడ్డికి గింజ పడుతుంది. ఆ గింజ దొరికినన్నాళ్ళే వాటికి సంసారం. చెట్టు తొర్ర చూసుకుని, ఒక పుల్ల కూడా పేర్చకుండా నేరుగా అందులో రోజు విడిచి రోజు నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడతాయి. 18 రోజులు పొదుగుతాయి. నెల దాటాక పిల్లలు తొర్ర వదిలి బయటికొస్తాయి. గింజ ఇంకా ఉంటే మళ్ళీ పెడతాయి. గడ్డి ఎండిపోగానే అంతా ఆగిపోతుంది, గుంపు లేచిపోతుంది. ఆ పక్షికి ఆపమని చెప్పేది దాని ఒళ్ళు కాదు, ఎండిపోయిన నేల.

ఇప్పుడు మన పంజరం చూడండి. గిన్నెలో గింజలు ఎప్పుడూ నిండుగా, నీళ్ళు ఎప్పుడూ తాజాగా ఉంటాయి. హాల్లో ట్యూబ్‌లైట్ రాత్రి పదకొండు దాకా వెలుగుతుంది. కళ్ళెదుట తొర్రలాంటి కుండ. మన పంజరంలో ఎప్పుడు చూసినా నిన్ననే వాన కురిసింది. నేల ఎండదు, గడ్డి అయిపోదు, అందుకే చుక్కకి ఎవరూ ఆగమని చెప్పలేదు. మొదటి కాన్పులో అయిదు పిల్లలు, రెండోసారి నాలుగు. అవింకా కుండలోంచి రాకముందే మూడోసారి గుడ్లు మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళందరికీ నేను చూపించుకున్నాను. దాని కాళ్ళు సన్నబడటం, ఈకల నిగ్గు తగ్గడం నాకు కనపడలేదు. చివరిసారి పెట్టిన మొదటి గుడ్డు వేలితో పట్టుకుంటే రబ్బరులా నొక్కుకుపోయింది. పెంకు గట్టిపడలేదంటే కాల్షియం లేదని అర్థం. అప్పుడే గ్రహించి ఉంటే చుక్క బతికేది.

మా అత్తగారికి ఈ కుండ తీసేయడం నచ్చలేదు. "పక్షి గూడు పడగొడితే ఉసురు తగులుతుందమ్మా," అన్నారు. ఆవిడ మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. వరండాలో పిచ్చుక గూడు పెడితే ట్యూబ్‌లైట్ మార్చడం కూడా వాయిదా వేసే మనిషి ఆవిడ. కానీ పిచ్చుక గూడు పిచ్చుక కట్టుకుంది. ఎక్కడ కట్టుకోవాలో, ఎప్పుడు వదిలెయ్యాలో దానికే తెలుసు. ఈ కుండ మనం కట్టాం. ఎగిరిపోయే దారి మూసేసి, అయిపోని గింజ పోసి, ఎదురుగా తొర్ర పెట్టింది మనం. ఉసురు తగలడమంటే నాకు చుక్క విషయంలోనే తగిలింది. అదే ఆవిడకి చెప్పాను. తర్వాత ఆవిడే రోజూ కొత్తిమీర కట్టలోంచి రెండు రెమ్మలు పక్కన పెట్టడం మొదలుపెట్టారు.

ఇంకో మాట కూడా విన్నాను. పిల్లలు కనడం ప్రకృతి కదా, మనం ఆపడం ఏంటని. ప్రకృతిలో అది ఆగుతుంది. ఆగడం కూడా ప్రకృతే. పంజరంలో ఆ సగం పోయింది, దాన్ని మన చేత్తో తిరిగి పెట్టాలి. పైగా ఆ పిల్లలు ఎక్కడికి పోతాయి? నా చేతుల మీదుగా పదమూడు పిల్లలు వెళ్ళాయి. చుట్టాలకి, పాప స్నేహితులకి, మిగిలినవి తిరిగి ఒక దుకాణానికి. వాటిలో ఇవాళ ఎన్ని బతికున్నాయని కనుక్కుంటే నాకు తెలిసి రెండే. బడ్జీ బాగా చూసుకుంటే ఏడెనిమిదేళ్ళు తేలిగ్గా ఉంటుంది. గిన్నిస్ రికార్డులో 1948లో పుట్టి 1977 దాకా బతికిన బడ్జీ ఒకటుంది. మనవాళ్ళు మాత్రం "లవ్ బర్డ్స్ అంతేనండీ, రెండేళ్ళు" అని సర్దుకుపోతారు.

కుండ తీసెయ్యాలనుకుంటే ఇవాళే పీకెయ్యకండి, లోపల ఏముందో ముందు చూడండి. పిల్లలుంటే ఆఖరిది బయటికొచ్చి సొంతంగా గింజ ఒలుచుకుని తినేదాకా ఆగాలి. ఒట్టి గుడ్లుంటే ఒక్కసారిగా తీసెయ్యకూడదు, పోయినవాటికి బదులు మళ్ళీ పెడుతుంది, కాల్షియం మళ్ళీ ఖర్చు. ఉడకబెట్టి చల్లారాక తిరిగి అక్కడే పెడితే కొన్నాళ్ళు కూర్చుని, విసిగి తనే వదిలేస్తుంది. అప్పుడు కుండ తీయండి. ఆ తర్వాత సాయంత్రం ఆరున్నర ఏడుకల్లా పంజరం మీద గుడ్డ కప్పి పన్నెండు గంటలు చీకటి ఇవ్వండి. అట్టపెట్టెలు, డబ్బాలు, దూరడానికి వీలైన చీకటి మూల ఏదీ పెట్టకండి. గుడ్లు పెట్టినా పెట్టకపోయినా సముద్రపు నురుగు ముక్క ఒకటి ఎప్పుడూ తగిలించి ఉంచండి. పెట్ షాపులో కటిల్ బోన్ అని అమ్ముతారు. ఆయుర్వేద మూలికలు అమ్మే కొట్లో సముద్రపు నురుగని అడిగితే ఇచ్చేది కూడా అదే.

కొత్తగా కొనేవాళ్ళయితే ఆడ, మగ జత అసలు వద్దు. రెండు మగపక్షులు తెచ్చుకోండి. అవి ఒకదానికొకటి తల నిమురుకుంటాయి, కబుర్లు చెప్పుకుంటాయి, పోట్లాట తక్కువ. రెండు ఆడపక్షులైతే కొరుక్కునే అవకాశం ఉంది. గుర్తుపట్టడం కష్టం కాదు. ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి భాగం పెద్ద మగపక్షికి నీలంగా, ఆడపక్షికి గోధుమరంగులో ఉంటుంది. చిన్నపిల్లల్లోనూ, పూర్తి పసుపు, పూర్తి తెలుపు రంగువాటిలోనూ ఈ గుర్తు పనిచేయదు. అలాంటప్పుడు తెలిసినవాళ్ళని వెంటబెట్టుకెళ్ళండి.

చుక్క పోయాక దాని జత మగపక్షి చిట్టిబాబు ఒంటరివాడయ్యాడు. పది రోజులు పొద్దున్నే ఒకే కూత, పొట్టిగా, ప్రశ్నలా కూసేవాడు. గుంపులో బడ్జీలు "ఎక్కడున్నావ్" అని పిలుచుకునే కూత అది. జత కట్టిన మగపక్షి ఆడపక్షి కూతనే నేర్చుకుని దానిలాగే పిలుస్తుందని పరిశోధకులు గమనించారు. అంటే మా ఇంట్లో వినిపిస్తున్నది చుక్క గొంతే. ఆ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. తర్వాత మబ్బు అని బూడిదరంగు మగపిల్లని తెచ్చాం. నెలకల్లా ఇద్దరూ ఒకే పుల్ల మీద పడుకోవడం మొదలైంది. ఒకడు ఆవలిస్తే రెండోవాడు ఆవలిస్తాడు. బడ్జీల్లో ఆవలింత ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుందని 2015లో ప్రయోగం చేసి మరీ చూపించారు.

మాటలు రావాలంటే ఒక్కదాన్నే పెట్టి అద్దం తగిలించాలని చెబుతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. బడ్జీకి మాటలొచ్చే మాట నిజమే, కాలిఫోర్నియాలో పక్ అనే మగ బడ్జీకి 1,728 మాటలు వచ్చని గిన్నిస్‌లో నమోదైంది. కానీ బడ్జీ మాట్లాడేది మనల్ని తన గుంపులో మనిషి అనుకుని. గుంపే లేకుండా చేసి మాట రాబట్టడం అన్యాయం. అద్దంలో పక్షికి నోట్లోంచి తీసి పెట్టీ పెట్టీ చిక్కిపోయిన బడ్జీని నేను చూశాను.

కుండ తీసేశాక చెయ్యడానికి ఏం మిగిలింది అంటే, చూడటం. బడ్జీ పెంపకంలో ముప్పాతిక వంతు చూడటమే. గుంపులో నలతగా ఉన్న పక్షి మీదే డేగ కన్ను పడుతుంది. అందుకని ఈ జాతి జబ్బుని దాచుకోవడం పుట్టుకతో నేర్చుకుంది. డేగ లేని మన హాల్లో కూడా దాచుకుంటుంది. "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అని అందరం అంటాం, చుక్కని డాక్టరు దగ్గర పెట్టి నేనూ అన్నాను. బాగా లేదు. చాలా రోజుల నుంచి లేదు.

మొదట గింజల గిన్నె. మేం సంక్రాంతికి ఊరెళ్ళి మూడు రోజులకి తిరిగొచ్చాం. గిన్నె చూసి మావారు, "నిండుగానే ఉంది కదా, తినలేదా?" అన్నారు. నేను గిన్నె మీద ఊదాను. పొట్టంతా లేచి నేల మీద పడింది, అడుగున పది పదిహేను గింజలు. మనం చేటలో చెరిగి పొట్టు వేరుచేస్తాం. బడ్జీ ముక్కుకీ నాలుకకీ మధ్య గింజని తిప్పి, ఒలిచి, పప్పు మింగి, పొట్టు మళ్ళీ అదే గిన్నెలో వదిలేస్తుంది. పైనుంచి చూస్తే కొర్రలు నిండుగా ఉన్నట్టే ఉంటుంది. నిండు గిన్నె ముందు ఆకలితో చచ్చిపోయే పక్షులు ఉంటాయి. రోజూ పొద్దున ఒకసారి ఊదండి.

తర్వాత అడుగు పేపరు. మామూలు రెట్ట ముదురు ఆకుపచ్చ చుట్టలా ఉండి మధ్యలో తెల్లగా ఉంటుంది. అది నీళ్ళగా మారినా, నల్లబడినా, లెక్కలో సగానికి పడిపోయినా అదే జబ్బు మనకి రాసే మొదటి ఉత్తరం. పేపరు రోజూ మార్చమని నేను గట్టిగా చెప్పేది శుభ్రం కోసమే కాదు, నిన్నటిది తీసేస్తే ఇవాళ్టిది కనపడుతుందని. వారానికోసారి వంటింటి డిజిటల్ కాటా మీద చిన్న గిన్నెలో కొర్రలు పోసి ఎక్కించండి. 35 గ్రాముల పక్షి మూడు నాలుగు గ్రాములు తగ్గిందంటే మనిషి ఆరేడు కిలోలు తగ్గినట్టు. ఈకలు ఉబ్బుగా ఉండటం వల్ల ఆ తగ్గడం కంటికి తెలియదు.

ఇంకొన్ని గుర్తులు. నిద్రకి ముందు ముక్కు నూరుకుంటూ కరకరమని చప్పుడు చేస్తే హాయిగా ఉన్నట్టు. ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని నిద్రపోతే మంచిదే. పట్టపగలు రెండు కాళ్ళ మీద ఉబ్బుకుని కూర్చుని, తోక ఊపిరితో పాటు ఊగుతుంటే ఇంటి వైద్యాలు వద్దు, వెంటనే వెచ్చగా పెట్టి డాక్టరు దగ్గరికి. ఎండాకాలంలో రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిచి రొప్పుతుంటే అదీ ప్రమాదమే, కానీ దానికి వైద్యం నీడ, గాలి. ఈ రెండింటికీ తేడా తెలియక నేను ఒకసారి నష్టపోయాను. ముక్కు చుట్టూ తెల్లటి బూడిదలా, తేనెపట్టులా పొర కడుతుంటే అది పురుగు, మందుకి తగ్గిపోతుంది, పసుపు రాసి వదిలెయ్యకండి.

ఒట్టి కొర్రలు, సజ్జల మీద పెంచడం మనవాళ్ళకి అలవాటు. గింజల్లో కొవ్వుంది, ఎ విటమిన్ లేదు. తోటకూర, మెంతికూర, కొత్తిమీర, తురిమిన క్యారెట్ రోజూ ఏదో ఒకటి ఇవ్వండి. కొత్తది చూసి మొదట భయపడతాయి, మీరే ఎదురుగా నిలబడి ఆకు నమిలితే దగ్గరికొస్తాయి. తడి కొత్తిమీర కట్టని తలకిందులుగా వేలాడదీసి చూడండి. మబ్బుగాడు తినడు, ముందు స్నానం చేస్తాడు. తల ఆకుల్లోకి దూర్చి, రెక్కలు విదిలించి, ఒళ్ళంతా కొత్తిమీర వాసన వేసేదాకా దొర్లుతాడు. ఉప్పువి, నూనెవి, చాక్లెట్, అవకాడో మాత్రం ముట్టనివ్వద్దు.

పంజరం ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం, ఎగరడం అడ్డంగానే కదా. కదలడానికి చోటు చాలని పంజరంలో జంతువుని ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. నున్నటి పుల్లలు తీసేసి మందం తేడాగా ఉన్న జామకొమ్మ, వేపకొమ్మ కట్టండి. ఎప్పుడూ ఒకే మందం పుల్ల పట్టుకుంటే అరికాళ్ళు పుండ్లు పడతాయి. వంటింటికి దూరంగా పెట్టండి. ఖాళీ నాన్‌స్టిక్ పెనం బాగా కాలితే వచ్చే పొగ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. దోమల కాయిల్, సాంబ్రాణి, స్ప్రేలు కూడా ఆ గదిలో వద్దు. బయటికి వదిలేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపడం ఒక్కటే చాలదు, ఎవరూ మళ్ళీ వెయ్యకుండా స్విచ్చి దగ్గర ఎవరో ఒకరు నిలబడండి. మన ఇళ్ళలో పిల్లి కన్నా ఫ్యానే పెద్ద గండం.

"అయిదు వందల పక్షికి ఎనిమిది వందలు డాక్టరు ఫీజా" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. రామచిలుకని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఆ చిలక మీద మనకున్న మోజంతా ఈ విదేశీ పిట్ట మీదికి మళ్ళింది. చవగ్గా దొరకడం దాని తప్పు కాదు. కొన్న ధర దుకాణంలో అయిపోయింది. ఇంటికొచ్చాక అది ఇంట్లో మనిషే.

మా కింది వాటాలో ఉండే పిన్నిగారింట్లో ఒక జత ఉంది. రెండు కుండలు. నెల రోజులుగా ఆవిడతో మాట్లాడుతున్నాను, మొన్న ఒప్పుకున్నారు. ఒక కుండ ఖాళీ, అది నిన్ననే తీశాం. రెండోదాంట్లో మూడు పిల్లలున్నాయి. రెండు బయటికి తొంగి చూస్తున్నాయి, ఆఖరిదానికి ఈకలు ఇంకా పూర్తిగా రాలేదు. ఇంకో పది పన్నెండు రోజులు పట్టవచ్చు. ఈలోగా తల్లి కోసం సముద్రపు నురుగు తగిలించాం, జామకొమ్మ కోసి ఎండబెట్టాను. ఆఖరి పిల్ల కూడా గింజ ఒలుచుకోవడం నేర్చుకున్నాక పిన్నిగారే కుండ తీస్తానన్నారు, నన్ను పక్కన నిలబడమన్నారు.